కుర్చీలు ఎక్కువై నిలబడ్డవాళ్ళు

ఫిబ్రవరి 4

మా ఫైలమ్మకి వదిన దీవెనలు.

నువ్వు మాంద్య నివారణ శాఖలో చేరి రెండేళ్ళయింది. నువ్వేం చేస్తావని ఎవరైనా అడిగితే ఇన్నాళ్ళూ "మా ఆడపడుచు ఫైళ్ళు చూస్తుంది" అని తప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాంద్యమేదో మా ఇంటికే వచ్చింది కాబట్టి నీతో పని పడింది.

నిన్న మా ఫ్యాక్టరీ యజమాని అందర్నీ గోడౌనులోకి రమ్మన్నాడు. పదకొండు వేల కుర్చీలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య సందులో మూడు వందల మందిమి గంటన్నర నిలబడ్డాం. పేము అల్లికలో నా పక్కన పనిచేసే ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఒక కుర్చీ లాక్కుని కూర్చోబోతే సూపర్‌వైజరు పరుగున వచ్చి, "అమ్మా, అది సరుకు" అని లేపాడు.

యజమాని చెప్పింది ఒక్కటే. కుర్చీలు మరీ ఎక్కువైపోయాయి, కొనేవాళ్ళు లేరు, అందుకని సగం మంది ఇంటికెళ్ళాలి. ఎందుకు కొనడం లేదో కూడా ఆయనే చెప్పాడు. మిగతా ఫ్యాక్టరీల్లో ఇప్పటికే సగం మంది ఇంటికెళ్ళారట, వాళ్ళ చేతిలో డబ్బాడడం లేదట.

మా దగ్గర పాలిష్ పెద్దాయన అని ఒకాయన ఉన్నాడు. పాత మార్క్సిస్టు. గోళ్ళనిండా లక్క, నోటినిండా మాటలు. ఆయన చెయ్యెత్తి, "అయ్యా, వాళ్ళు కుర్చీలు కొనలేదని మేం ఇంటికెళ్తున్నాం. మేం ఇంటికెళ్ళాక ఏం కొనలేమో కాస్త చెబితే, ఏ ఫ్యాక్టరీవాళ్ళని ముందుగా ఓదార్చి రావాలో చూసుకుంటాం" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మీ అన్నయ్యని తీసేశారు. ఇరవై రెండేళ్ళు లేతు మీద కుర్చీ కాళ్ళు తిప్పిన చేతులవి. నన్ను మాత్రం ఉంచారు, అల్లికవాళ్ళకి కూలి తక్కువ కదా. ఇప్పుడు ఆయన ఇంట్లో కదిలే స్టూళ్ళన్నీ సరిచేశాడు. కదలనివి కూడా సరిచేశాడు, అవి ఇప్పుడు కదులుతున్నాయి.

మీ శాఖలో నాలుగంతస్తుల మంది ఉన్నారు కదా, ఏదో ఒకటి చెయ్యండి. చేతకాకపోతే ఆ పదకొండు వేల కుర్చీలూ మీ సర్కారే కొనుక్కుని, మీరే వేసుకుని కూర్చోండి.

నీ వదిన


ఫిబ్రవరి 19

వదినా,

నీ కాళ్ళు ఏవైపున్నాయో చెప్పు, మొక్కుతాను.

మా జాయింటు డైరెక్టరు గారు నెల రోజులుగా "క్షేత్రస్థాయి నుంచి సూచనలు తెండి" అని అందరి ప్రాణాలూ తీస్తున్నారు. మా సెక్షనులో క్షేత్రం చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఒకాయన సీటు మాత్రం మైదానం వైపు కిటికీ పక్కన ఉంది, అందుకని ఇన్నాళ్ళూ అన్నీ ఆయన్నే అడిగేవాళ్ళం. నీ ఉత్తరం రాగానే చివరి వాక్యం తీసుకుని నోట్ పెట్టాను: "మిగిలియున్న కుర్చీలను ప్రభుత్వమే కొనుగోలు చేసి వినియోగించవలెను." తొమ్మిది రోజుల్లో సంతకాలైపోయాయి. మా శాఖ చరిత్రలో ఇంత తొందరగా కదిలిన ఫైలు ఇదొక్కటే.

ఇంకో శుభవార్త. యజమానులకి తక్కువ వడ్డీకి అప్పులివ్వమని బ్యాంకులకి చెప్పాం. మీవాడి చేతిలో డబ్బాడితే ఫ్యాక్టరీ పెంచుతాడు, పెంచితే అన్నయ్యకి పని దొరుకుతుంది. మీ పాలిష్ పెద్దాయనకి చెప్పు, ఆర్థిక వ్యవస్థ అంటే దారిలో ఆగిపోయిన బండి లాంటిది. ఎవరో ఒకరు దిగి ఒక్క తోపు తోయాలి. ఆ తోసేవాళ్ళమే మేము.

అన్నయ్యని ఈ నాలుగు రోజులూ విశ్రాంతి తీసుకోమను.

నీ ఆడపడుచు


మార్చి 23

ఫైలమ్మా,

ముందు మంచి మాట చెబుతాను. లారీలొచ్చాయి, గోడౌను ఖాళీ అయింది, రెండు షిఫ్టులూ మొదలయ్యాయి. మీ అన్నయ్యని పిలిచారు. ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుని, పాత చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్తుంటే, పెళ్ళిచూపుల నాటి మనిషిలా కనిపించాడు. ఆ సంబరం ఎనిమిది రోజులు ఉంది.

తొమ్మిదో రోజు యంత్రం వచ్చింది. మీరిప్పించిన అప్పుతోనే కొన్నాడు. మీ అన్నయ్య ఒక కాలు తిప్పేలోపు అది నలభై తిప్పుతుంది. లేతుల మీద ఆరుగురు ఉండేవాళ్ళు, ఇప్పుడు మీ అన్నయ్య ఒక్కడే మిగిలాడు. పనేమిటంటే దాని నోటికి కర్రలు అందించడం. చంటిపిల్లకి ముద్దలు పెట్టినట్టు పెడుతున్నాడు, అది మింగినట్టు మింగుతోంది.

గోడౌను మళ్ళీ నిండింది. ఈసారి పదహారు వేలు.

నీ బండి మాట పాలిష్ పెద్దాయనకి చెప్పాను. "తోశారు, నిజమేనమ్మా. కానీ ఆ బండి మొహం గోతివైపు ఉంది, అది చూసుకోలేదు" అన్నాడు. అల్లికలో మాకు అర్థమయ్యేలా చెప్పమంటే ఇలా చెప్పాడు: "మన యజమాని చెడ్డవాడని కాదు. పోటీవాడు యంత్రం కొంటే ఈయన కొనకుండా బతకలేడు. అందరూ కొంటారు. అందరూ మనుషుల్ని తగ్గించి సరుకు పెంచుతారు. ఆ సరుకు కొనాల్సింది మళ్ళీ ఆ తగ్గించిన మనుషులే. ఇందులో సర్కారు ఎక్కడ చెయ్యి పెట్టినా ఒక చివర నొక్కితే ఇంకో చివర లేస్తుంది." ఇంతా చెప్పి ఆయన మళ్ళీ పాలిష్ పెట్టుకుంటూ కూర్చున్నాడు, అంటే నిలబడ్డాడు.

ఇంక ఈ పదహారు వేలకీ నాకు తోచే దారి ఒకటే. ఒక షిఫ్టు వాళ్ళు చెయ్యాలి, ఇంకో షిఫ్టు వాళ్ళు విరగ్గొట్టాలి. అందరికీ పని, గోడౌను ఖాళీ. బాగుందా?

నీ వదిన


ఏప్రిల్ 8

వదినా,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను, చేతిరాత చూసి కంగారుపడకు.

మీ కుర్చీలు వచ్చాయి. నాలుగంతస్తుల్లోనూ అవే. నాలుగేసి చొప్పున తాడుతో కట్టి పంపారు. తాడు విప్పడం మా పరిధిలోకి రాదట, సామగ్రి శాఖవాళ్ళు వచ్చి విప్పాలి. ఆ శాఖవాళ్ళ మెట్లమీద కూడా కుర్చీలే కాబట్టి వాళ్ళు బయటికి రాలేకపోతున్నారు. మా పాత కుర్చీలు చోటు చాలక ముందే తీసేశారు. జాయింటు డైరెక్టరు గారి గదికి వెళ్ళాలంటే కుర్చీల కట్టలమీద ఎక్కి, పాక్కుంటూ వెళ్ళాలి. నిన్న ఒక టైపిస్టు మధ్యలో ఇరుక్కుపోతే ఆవిడకి టీ చేతులు మార్చి అందించాం.

సరే, అసలు విషయం. నీ సూచన చదివి జాయింటు డైరెక్టరు గారు బల్ల చరిచారు. "రెండు షిఫ్టులకీ ఉపాధి! ఇంత సులువైన సంగతి మనకెందుకు తట్టలేదయ్యా?" అన్నారు. దీనికి 'ఉత్పత్తి సమతుల్యత పథకం' అని పేరు పెట్టారు. విరగ్గొట్టిన ప్రతి కుర్చీకీ యజమానికి ప్రోత్సాహకం. ఎక్కువైన సరుకు పోతుంది కాబట్టి ధర నిలబడుతుంది.

ఇంకో మాట, అన్నయ్యకి చెప్పు. విరగ్గొట్టే షిఫ్టుకి పెద్ద కావాలంటే అన్నయ్య పేరే రాశాను. ఎక్కడ గట్టిగా ఉంటుందో తెలిసినవాడికే ఎక్కడ విరుగుతుందో తెలుస్తుంది. యంత్రానికి కర్రలందించే బాధ తప్పింది. సంతోషంగా ఉన్నాడా?

నీ ఆడపడుచు


మే 2

అమ్మాయ్,

నేను ఎగతాళికి రాశాను.

మొదటిదీ ఎగతాళే, రెండోదీ ఎగతాళే. ఇంట్లో నా మాట తీరు నీకు తెలియదా? మీ అన్నయ్య ఆలస్యంగా వస్తే "ఇంకాస్త ఉండి రాకపోయావా" అంటాను, ఆయన వెనక్కి వెళ్ళిపోతాడా?

ఇక్కడ ఏం జరుగుతోందో చెబుతాను, విను. పొద్దున షిఫ్టు మేం చేస్తాం. అల్లి, బిగించి, పాలిష్ పెట్టి, తుడిచి, వరసగా పెట్టి ఇంటికొస్తాం. మధ్యాహ్నం షిఫ్టు మీ అన్నయ్య, ఇంకో ఎనభై మంది సుత్తులు పట్టుకుని వస్తారు. గేటు దగ్గర ఎదురుపడతాం. మొదట్లో ఒకరినొకరం పలకరించుకునేవాళ్ళం. ఇప్పుడు చూపులు తప్పించుకుంటున్నాం.

మొదటిరోజు మీ అన్నయ్యకి ఒక్కటీ విరగలేదట. అతుకులు అంత బాగా కూర్చున్నాయి. సూపర్‌వైజరు వచ్చి, "ఏమయ్యా, పని రాదా?" అని అడిగాడట. ఇరవై రెండేళ్ళలో ఆయన్ని ఆ మాట అడిగినవాడు లేడు. రోజుకి మనిషికి అరవై విరగాలి. ఇప్పుడు అరవై విరగ్గొడుతున్నాడు.

నేను అల్లిక చివర పేము బద్దని లోపలికి మడిచి దోపుతాను, మిగతావాళ్ళు బయటికి దోపుతారు. మీ అన్నయ్య ప్రతి కుర్చీనీ తిరగేసి చూసి, నావి పక్కకి తీసి, వాటిని వేరేవాళ్ళ చేత విరగ్గొట్టిస్తున్నాడట. ఇది ఆయన చెప్పలేదు, పక్కింటివాళ్ళు చెప్పారు. ఇంట్లో ఆయన మాటే మాట్లాడడం లేదు. మొన్న, "ఏవయ్యా, నా మీద కోపమా?" అని అడిగాను. "నీ కుర్చీలమీద కోపం. అంత గట్టిగా అల్లడం ఎందుకు?" అన్నాడు. తర్వాత నా వైపు తిరగకుండా, "వదులుగా అల్లకు మాత్రం" అన్నాడు.

నిన్నటినుంచి యజమాని అందరినీ వదులుగా అల్లమన్నాడు, తొందరగా విరగాలని. నా వేళ్ళు వినడం లేదు. పద్దెనిమిదేళ్ళ అలవాటు, బిగుసుకుపోతున్నాయి.

ఇకమీద ఎగతాళి మాట రాస్తే పక్కన చెబుతాను. ఇంతోటి పనికి కుర్చీ చెయ్యడం ఎందుకు, విరిగిన ముక్కలే నేరుగా తయారుచేస్తే పోలా? (ఇది ఎగతాళి.)

వదిన


మే 15

వదినా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. కానీ నా మాట కూడా ఒకటి విను. మేం ఏమీ చెయ్యకుండా చేతులు ముడుచుకుని ఉంటే ఏమయ్యేది? ఫిబ్రవరిలోనే మీ ఇద్దరూ ఇంట్లో ఉండేవాళ్ళు. కుర్చీల ధర పెరిగింది, ఫ్యాక్టరీలో మనుషులు రెట్టింపయ్యారు. పాలిష్ పెద్దాయన చెప్పేది వినడానికి బాగుంటుంది, కానీ ఆయన మాటతో ఎవరింట్లోనైనా పొయ్యి వెలిగిందా? మాది తాత్కాలికమే, ఒప్పుకుంటాను. ఆకలి కూడా తాత్కాలికంగానే వేస్తుంది, పూటపూటకీ.

ఇప్పుడు ఇంకో తప్పు జరిగిపోయింది. ఈసారి మాత్రం నా తప్పు కాదు. నీ ఉత్తరాన్ని నేను నోట్‌లో పెట్టలేదు. కుర్చీ కట్ట మీద పెట్టి, కళ్ళు తుడుచుకోవడానికి అటు తిరిగాను. జాయింటు డైరెక్టరు గారు పాక్కుంటూ వెళ్తూ చూశారు. చివరి వాక్యం చదివి, "ఈ పథకం పేరేమిటి?" అన్నారు. "ఎగతాళి అండీ" అన్నాను. "బాగుంది, నోటికి ఎక్కేలా ఉంది" అన్నారు.

'ఎగతాళి పథకం' మొన్న సోమవారం నుంచి అమల్లోకి వచ్చింది. పథకం పేరులో ఒక్కో అక్షరానికీ ఒక్కో మాట కుదరాలి కదా. ఎ, గ, తా వరకూ కుదిరాయి. ళి అక్షరంతో మొదలయ్యే మాట దొరక్క ముగ్గురు సభ్యులతో ఉపసంఘం వేశారు. వాళ్ళు నిఘంటువులో వెతుకుతున్నారు.

నన్ను తిట్టు, పడతాను. కానీ ఉత్తరాలు మానెయ్యకు.

నీ ఆడపడుచు


జూన్ 20

అమ్మాయ్,

తిట్టడానికి ఓపిక లేదు, జరిగింది రాస్తాను.

నీ ఎగతాళి పథకం రాగానే యజమాని యంత్రం పళ్ళు మార్పించాడు. కర్ర ఒకవైపు వెళ్తే రెండోవైపు విరిగిన కాళ్ళు, విరిగిన చేతులు వస్తున్నాయి. అసలు కుర్చీయే లేనప్పుడు అల్లిక ఎందుకు? మమ్మల్ని పంపేశారు. ముక్కలు విరిగే వస్తున్నప్పుడు విరగ్గొట్టేవాళ్ళు ఎందుకు? మీ అన్నయ్యనీ పంపేశారు. ఆ రోజు గేటు దగ్గర రెండు షిఫ్టులవాళ్ళమూ మళ్ళీ మొహాలు చూసుకున్నాం. మోకాళ్ళ నొప్పులావిడ మీ అన్నయ్యతో, "బాబూ, నావి ఎన్ని విరగ్గొట్టావు?" అని అడిగింది. "లెక్కపెట్టలేదమ్మా" అన్నాడు. "నయం" అని ఆయన భుజం తట్టింది.

తర్వాత విరిగిన ముక్కలు ఎక్కువైపోయాయి. ఈలోగా ఖజానాలో ఏమీ లేదని మీవాళ్ళు ప్రోత్సాహకం ఆపేశారు, నీకు తెలిసే ఉంటుంది. ఆ పొదుపులోనే ఆసుపత్రికి ఇవ్వాల్సినదీ ఆపేశారు. పథకం ఆగిన మర్నాడే యజమాని ఫ్యాక్టరీ మూసేస్తున్నట్టు కాగితం అంటించాడు.

మేం ఆ కాగితం చదువుతూ ఎండలో నిలబడ్డాం. పాలిష్ పెద్దాయన మెల్లగా అన్నాడు: "కూర్చోడానికని ఎప్పుడూ చెయ్యలేదమ్మా వీటిని, అమ్మడానికి చేశాం. లాభం వస్తే కుర్చీ, రాకపోతే కట్టెలు. సర్కారు దీన్ని కొన్నాళ్ళు వాయిదా వేయగలదు, ఒకరి నెత్తిమీంచి ఇంకొకరి నెత్తిమీదికి మార్చగలదు. ఎందుకు చెయ్యాలి, ఎన్ని చెయ్యాలి అన్నది మాత్రం యజమాని చేతిలోంచి తీసుకోదు. ఆ ఫైలు ఏ ఆఫీసులోనూ తెరవరు."

అప్పుడు మీ అన్నయ్య, నెలన్నరగా అడిగితే తప్ప నోరు విప్పని మనిషి, "గోడౌనులో ఇంకా రెండు వేలు విరగనివి ఉన్నాయి. నాకు కాళ్ళు నొప్పిగా ఉన్నాయి" అని లోపలికి నడిచాడు. ఒక కుర్చీ దించి, దులిపి, కూర్చున్నాడు. వెనకే మేమందరం వెళ్ళాం. రెండు షిఫ్టులూ కలిపి మూడు వందల డెబ్భై మందిమి. సూపర్‌వైజరు పరుగున వచ్చి, "అది సరుకు!" అన్నాడు. మోకాళ్ళ నొప్పులావిడ, "కాదు నాయనా, కుర్చీ" అంది.

ఇవాళ్టికి తొమ్మిది రోజులు. మీ డిమాండు ఏమిటని పోలీసులు అడిగారు. కూర్చున్నాం అని చెప్పాం. వాళ్ళు అదే రాసుకున్నారు.

ఈ ఉత్తరంలో ఎగతాళి లేదు.

వదిన


జూలై 3

వదినా,

మీరు కూర్చున్న సంగతి మా గణాంకాల విభాగానికి చేరింది. "ఒకే ఊళ్ళో, ఒకే వారంలో, మూడు వందల డెబ్భై కుర్చీలు కొత్తగా వాడుకలోకి వచ్చినవి" అని నమోదు చేశారు. గ్రాఫులో గీత పైకి లేచింది. మూడేళ్ళలో ఆ గీత లేవడం ఇదే మొదటిసారి. మాంద్యం తీరిపోయిందని గురువారం ప్రకటన ఇచ్చారు. మిఠాయిలు పంచారు, కట్టల మీంచి విసిరి.

శుక్రవారం, మాంద్యమే లేనప్పుడు మాంద్య నివారణ శాఖ అనవసరమని మమ్మల్ని రద్దు చేశారు. జాయింటు డైరెక్టరు గారు ఆ ఉత్తర్వు మూడుసార్లు చదివి, "తర్కం సరిగానే ఉందయ్యా" అన్నారు. ఉపసంఘంవాళ్ళకి ఎవరూ చెప్పలేదు, వాళ్ళింకా వెతుకుతూనే ఉన్నట్టున్నారు.

వదినా, ఒక నిజం చెబుతాను. నువ్వు ఎగతాళికి రాస్తున్నావని నాకు మొదటి ఉత్తరం నాడే తెలుసు. నీ నోరు నాకు తెలియదా? తెలిసే నోట్ పెట్టాను. ఎందుకంటే మా దగ్గర ఇంకేమీ లేదు. నాలుగంతస్తుల్లో ఒక్కరి దగ్గరా లేదు. అందరం ఏదో ఒకటి తెలిసినట్టు మొహం పెట్టుకుని తిరిగేవాళ్ళం. ఉన్నవాటిలో కాస్త తెలివైన మాట నీ ఎగతాళే. నా చదువంతా పెట్టి చూసుకున్నా దానికి మించింది నాకు తట్టలేదు. అది అన్నయ్య చేతికి సుత్తి అవుతుందని మాత్రం నిజంగా అనుకోలేదు.

ఇవాళ ఉపాధి కార్యాలయం ముందు వరసలో నిలబడ్డాను. నా ముందున్నాయన మంచాల ఫ్యాక్టరీ నుంచి వచ్చాడట. మంచాలు ఎక్కువైపోయాయని తీసేశారట. ఆయన నేలమీద పడుకుంటున్నాడట.

నన్ను ఇంటికి రానిస్తావా?

నీ ఆడపడుచు


ఆగస్టు 9

పిచ్చిదానా,

రానిస్తావా అని అడగడమేమిటి? నీ అన్న ఇల్లు. నువ్వు చేసిన పని తలచుకుంటే ఒళ్ళు మండుతుంది, నిజమే. నీ మొహం చూస్తే నాలుగు మాటలు అంటాను కూడా. అవి పడడానికి రా.

నువ్వు మేలో అన్న మాట మర్చిపోలేదు. మీ పథకాల వల్ల మూడు నెలలు పొయ్యి వెలిగింది. కాదంటే నాకు కళ్ళు పోతాయి. పాలిష్ పెద్దాయనా కాదనలేదు. "ఇచ్చింది తీసుకోవాలమ్మా, అదే మందు అనుకోకూడదు, అంతే" అన్నాడు.

మేం కూర్చుని యాభై తొమ్మిది రోజులైంది. మీ శాఖ లేదు కాబట్టి మమ్మల్ని లేపడానికి ఎవరికి అధికారం ఉందో తేలలేదు. యజమాని కేసు వేశాడు. ఈ నెల ఇరవై ఆరున వాయిదా. ఓడిపోతామని వకీలు ముందే చెప్పాడు, మంచి మనిషి. కరెంటు తీసేశారు. యంత్రం ఆగిపోయింది. మీ అన్నయ్య మూలన పడేసిన పాత లేతుని బయటికి లాగి, కాలితో తొక్కి తిప్పేలా మార్చుకున్నాడు.

విరగని కుర్చీల్లో కొన్ని మేం ఉంచుకుని, మిగతావి నెత్తిన పెట్టుకుని బడికీ ఆసుపత్రికీ మోసుకెళ్ళి ఇచ్చాం. అది దొంగతనమని ఇంకో కేసు. ఆసుపత్రిలో పెద్ద నర్సు కుర్చీలు తీసుకుని, "మంచాలు లేవు, బాలింతలు వరండాలో చాపలమీద ఉన్నారు" అంది. మీ అన్నయ్య, "ఎన్ని కావాలమ్మా?" అని అడిగాడు. ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళలో ఎవరినీ ఆ మాట అడగలేదు కదా. నర్సు వేళ్ళమీద లెక్క చూసుకుని పద్నాలుగు అంది.

విరిగిన కర్రలోంచి పనికొచ్చేవి ఏరుకున్నాం. మీ అన్నయ్య మంచం కోళ్ళు తిప్పాడు, మేం పేము పట్టె అల్లాం. బిగించి అల్లాం. పెద్దాయన పాలిష్ పెట్టాడు, బాలింతలకి పాలిష్ ఎందుకంటే ఊరుకోడు. పదహారు రోజులు పట్టింది. నిన్న మధ్యాహ్నం పద్నాలుగోది వార్డులో దించాం. అప్పుడే పుట్టిన ఆడపిల్లని దానిమీద పడుకోబెట్టారు. పదిహేనోది మొదలుపెట్టాలా అని ఎవరో అడిగారు. అక్కర్లేదు, చాలు అంది నర్సు.

మీ అన్నయ్య ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఎండ ఇంకా తగ్గకముందే పడుకున్నాడు. పక్కింటావిడ తొంగిచూసి, "ఏమ్మా, మళ్ళీ పని పోయిందా?" అని గుసగుసగా అడిగింది.

పోలేదు, అయిపోయింది అన్నాను.

వదిన